ఫోను తీయకండి, చెలకలోకి నడవండి

గ్రామ పాలన అధికారులుగా ఊళ్లోకి పోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఆఫీసులో చెప్పేదానికి పూర్తిగా తలకిందులు. పైఅధికారి వింటే తప్పుడు సలహా అంటాడు. అన్నా సరే, ఇదే చేయండి.

మొదటి నెల ఊళ్లో ఫోను తీయకండి. సర్వే నంబరు కొడితే పట్టాదారు పేరు వస్తుంది, పని అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. నేను జగిత్యాల దిక్కు గ్రామ రెవెన్యూ అధికారిగా (వీఆర్వోగా) ఉన్నప్పుడు ఒక ముసలాయన నన్ను చెలకలోకి తీసుకుపోయి, గొంతుకూర్చుని, చేత్తో గడ్డి పాయలు తీసి హద్దురాయి చూపించాడు. సాదాబైనామా మీద, అంటే తెల్లకాగితం మీద రాసుకుని కొన్న భూమి అది. పట్టా మాత్రం అమ్మినాయన పేరు మీదే ఉండిపోయింది. మోఖా మీద ఎవరున్నారో చూసి, పహాణీలో అనుభవదారు గడిలో ఈయన పేరు ఏటా రాశాను.

2020 సెప్టెంబర్‌లో మా పోస్టులు రద్దయ్యాయి. అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చింది. అందులో అనుభవదారు గడి లేదు. ఆ గడి నింపడమే మా కొలువు. గడి పోతే ముసలాయన సేద్యానికి సాక్ష్యం పోయింది, మాకు పేరు పోయింది. 2022లో లాటరీ తీసి ఐదు వేల పైచిలుకు మందిని తలో శాఖకు పంపారు. అప్పటినుంచి వీఆర్వో అన్న మాట మా వాట్సాప్ గ్రూపులోనే మిగిలింది.

భూభారతి చట్టం వచ్చాక పరీక్ష రాసి 2025 సెప్టెంబర్‌లో కొలువులో చేరిన మీలో చాలామంది పాత వీఆర్వోలు, గ్రామ రెవెన్యూ సహాయకులే (వీఆర్ఏలే). అందుకే ఇంత చనువుగా చెప్తున్నాను. టైము వృథా చేయండి. మాపటిదాకా ఊళ్లో రచ్చకట్ట మీద కూర్చోండి. కంప్యూటర్‌లో ఎక్కించినా సరే, నోటుబుక్కులో మళ్లీ చేత్తో రాయండి. ఆదిలాబాద్ ఏజెన్సీలో పడ్డవాళ్లు గోండి నేర్చుకోండి. గూడెంలో ముందు పటేల్ ఇంటికి పోండి.

ముసలివాళ్లు పట్వారి సారూ అంటే దిద్దకండి. ఆ పదవిని ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లోనే రద్దు చేసినా, నన్నూ అట్లాగే పిలిచారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అర్థమైంది: వాళ్లు పిలిచేది హోదాను కాదు, తమ గెట్టు తెలిసిన మనిషిని.

వీఆర్వోల మీద పడ్డ లంచం మచ్చ మాత్రం ఉత్తది కాదు. మాలో తిన్నవాళ్లున్నారు. సంఘం పేరు పోతుందని వాళ్లను కాపాడుకున్నాం, చివరికి అందరం పోయాం. మీరు దాచకండి. సంఘం చీలినా ఫర్వాలేదు, తిన్నవాణ్ణి బయటపెట్టండి.

నేను తిరిగిన ఊళ్ల నోటుబుక్కులు నాలుగు నా దగ్గరున్నాయి. పట్టాలు ఎవరివో అందులో లేదు, ఏ చెలక ఎవరు దున్నుతున్నారో ఉంది. ఆ ఊళ్లు మీకు పడితే ఇంటికి వచ్చి తీసుకుపోండి.