పది శాతం పుణ్యం

బెజవాడ ఎండ 45 డిగ్రీలు దాటినా చర్మం ఊడని గట్టివాళ్ల కోసం ఇప్పుడు చర్మం పొర ఊడదీసే ఆ సౌకర్యం సీసాల్లో దొరుకుతోంది. సీసా ముందు ‘10 శాతం గ్లైకోలిక్ యాసిడ్’ అని పెద్దక్షరాలు, పక్కనే ‘చెరకు నుంచి’ అంటూ ఆకుపచ్చ బొమ్మ. ఈ యాసిడ్ చెరకులో ఉన్నమాట నిజమే. కానీ బజారుకొచ్చే సరుకు కోసం ఉయ్యూరు చెరకు తోటల దాకా ఎవరూ రానక్కర్లేదు. ఫార్మాల్డిహైడ్, కార్బన్ మోనాక్సైడ్ కలిపో, క్లోరోఎసిటిక్ యాసిడ్ నుంచో ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. ఎలా పుట్టినా అణువు ఒకటే కాబట్టి నా పేచీ దాని పుట్టుకతో కాదు, ఆ 10తో.

ఆమ్లత్వాన్ని కొలిచే అంకె పీహెచ్ చెప్పకుండా శాతం చెబితే ఏమీ చెప్పనట్టే. పీహెచ్ 3.8 దగ్గర ఈ యాసిడ్‌లో సగమే పనిచేసే రూపంలో ఉంటుంది. 2కి దిగితే దాదాపు అంతా పనిలోకి దిగుతుంది, 6కి ఎక్కితే నూటికి ఒక వంతైనా మిగలదు. అంటే అదే 10 శాతం ఒక సీసాలో నీళ్లు, ఇంకో సీసాలో నిప్పు. అమెరికాలో సౌందర్య పదార్థాలను సమీక్షించే నిపుణుల సంఘం 10 శాతానికి సరేనన్నది ఊరికే కాదు, పీహెచ్ 3.5కి తగ్గకూడదు, ఎండ నుంచి రక్షణ ఉండాలి అన్న షరతులతో కలిపి. వాడుతున్నన్నాళ్లూ, మానేశాక మరో వారమూ ఎండలో జాగ్రత్త అని సీసా మీద రాయమని అక్కడి ఎఫ్‌డీఏ 2005లో సూచించింది. మన 2020 కాస్మెటిక్స్ నియమాలు పదార్థాల పేర్లు వరసగా అడుగుతాయి, పీహెచ్ అడగవు. తప్పుదోవ పట్టించే ప్రచారం కూడదనీ అంటాయి. పది శాతం అబద్ధం కాదు కదా!

డాక్టర్లు 70 శాతం కూడా పూస్తారుగా అంటారు. పూస్తారు, గడియారం చూస్తూ, నిమిషాలు లెక్కపెట్టి, విరుగుడు ద్రావణం దగ్గర పెట్టుకుని. బీసెంట్ రోడ్డు సందులో పార్లర్ అమ్మాయికి మాత్రం ఆ పీహెచ్ కలలో కనబడాలి. పీహెచ్ కూడా లేబుల్ మీద అచ్చేయమంటే చిన్న కంపెనీలు బతకవంటారు. కైకలూరు రొయ్యల రైతు చెరువు నీళ్లకే పీహెచ్ చూసుకుంటున్నాడు. మొహానికి పూసేది తయారుచేసేవాడికి ఆ అంకె తెలియకుండా ఉండదు. లేబుల్ మీద ఒక్క వరస చాలు. ఇంతమంది వాడుతున్నారు, ఎవరికేమైంది అని చివరి వాదన. మన చామనఛాయ చర్మం మంటెక్కితే ఎర్రబడి ఊరుకోదు, నల్లమచ్చ వేస్తుంది, అది నెలల తరబడి పోదు. ఆ మచ్చతో అదే కొట్టుకు వెళితే ఫిర్యాదు రాసుకునేవాళ్లుండరు. ‘ఇది పోవాలంటే 20 శాతంది వాడండి మేడమ్’ అనేవాళ్లుంటారు.