సార్ రారు, సార్ బొమ్మ వస్తుంది

మొత్తానికి సాధించారు. మీటింగ్‌కి ఇక మనిషి రానక్కర్లేదట. మన ముఖం, మన గొంతు, మన పాత మెయిళ్ళు మేపి పెంచిన ఒక బొమ్మను పంపితే చాలట. అది కూర్చుంటుంది, తలాడిస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, ఆఖర్న అందరికీ థాంక్యూ కూడా చెబుతుంది. పేరు డిజిటల్ ట్విన్. మా ఆఫీసు టౌన్‌హాల్లో పెద్దాయన ఈ కవల గురించి చెబుతుంటే మావాళ్ళు కొట్టిన చప్పట్లు వినాల్సింది. కవలల్లో ఒకరు గోల్ఫ్‌లో ఉంటే రెండోవారు బడ్జెట్ రివ్యూలో ఉంటారన్నమాట. ఎవరు ఎక్కడో మీరు చెప్పక్కర్లేదు.

ఈ కల మా పెద్దాయన కన్నది కాదు లెండి. జూమ్ అధిపతి ఎరిక్ యువాన్ 2024లోనే దీన్ని ఎత్తుకున్నాడు. మన బదులు మన ట్విన్ మీటింగులకు వెళ్తుంది, మనం హాయిగా ఉండొచ్చు అన్నాడు. ఇళ్ళల్లో కూర్చుని పనిచేసుకోండని లోకమంతటికీ మీటింగులు అమ్మి బాగుపడిన కంపెనీ అది. 2023 ఆగస్టులో అదే కంపెనీ, ఆఫీసుకు 50 మైళ్ళ లోపల ఉండే తన ఉద్యోగుల్ని వారానికి రెండు రోజులు వచ్చి తీరాలంది. సొంత మిఠాయి సొంత పిల్లలకు పెట్టరు కాబోలు. 2025 మేలో క్లార్నా కంపెనీ అధిపతి బొమ్మ మూడు నెలల లెక్కలు చదివి వినిపించింది. అదే నెలలో యువాన్ గారి బొమ్మ కూడా ఇన్వెస్టర్ల ముందు నోరు విప్పింది. ఇంకేం, పెద్దవాళ్ళు చేశాక గచ్చిబౌలి ఊరుకుంటుందా?

మన జమీందార్ల ఇళ్ళల్లో పూర్వం పెళ్ళికొడుకు రాకుండా కత్తిని పంపేవారనీ, దానికే బాసికం కట్టి తంతు నడిపించేవారనీ చెప్పుకుంటారు. ఆ కత్తి బుద్ధిమంతురాలు. పీటల మీద నోరెత్తేది కాదు. ఈ బొమ్మ అలా ఊరుకోదు. హామీలిస్తుంది.

ట్విన్ దాకా ఎందుకు, దాని తమ్ముడు, మాటలన్నీ రాసుకునే ఏఐ నోట్‌టేకర్ సంగతి చూడండి. కాల్ మొదలవగానే తలుపు కొట్టకుండా లోపలికొచ్చి మూల కూర్చుంటాడు. ఎవరు పిలిచారో ఎవరికీ తెలియదు. పిలిచిన పెద్దమనిషి మాత్రం రాడు. మొన్నటి రివ్యూలో పేర్లు చూస్తే మనుషుల కంటే నోట్‌టేకర్లే ఎక్కువ. ఫలానా వారి నోట్‌టేకర్, ఫలానా వారి అసిస్టెంట్, ఏదో పేరున్న ఇంకొకటి, అది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. మాట్లాడుతున్నది ఒక్క కుర్రాడు. పాపం స్లైడ్లు తిప్పుతూ మధ్యమధ్యలో “వినిపిస్తోందా అండీ?” అంటున్నాడు. వినిపిస్తోంది నాయనా. వినేవాళ్ళు లేరు.

ఆ సాయంత్రానికి ప్రతి నోట్‌టేకరూ ఎవరికి వారు సారాంశం పంపారు. ఒకదాని ప్రకారం కొత్త సర్వర్‌కి మారేది జూన్‌లో. ఇంకొకదాని ప్రకారం జూలైలో. మూడోది, ఈ విషయం మీద మళ్ళీ కలవాలని నిర్ణయించారని రాసింది. మూడోదే నిజం. మొదట్లో “భోజనాలయ్యాయా?” అని అడిగిన మాటలు కూడా ఒకదానిలో ముఖ్యాంశాల కింద చేరాయి. అందరికీ భోజనాలయ్యాయి, ఆ అంశం ముగిసింది.

ఇప్పుడు ఈ సారాంశాలు ఎవరు చదువుతారు? ఎవరూ చదవరు. వాటిని కుదించి నాలుగు ముక్కల్లో చెప్పమని ఇంకో ఏఐకి ఇస్తారు. అది కుదించినదాన్ని మెయిల్లో పెడితే, అవతలివాడి ఏఐ దానికి “చాలా బాగుంది, ముందుకెళ్దాం” అని జవాబు రాస్తుంది. వాటిలో అవే తేదీ చూసుకుని ఇంకో మీటింగ్ పెట్టేస్తాయి. ఇంత తెలివి ఉన్న యంత్రం చేయాల్సిన మొట్టమొదటి పని ఆ మీటింగ్ రద్దు చేయడం. ఆ బటన్ మాత్రం ఎవడూ పెట్టలేదు. పెడితే లైసెన్సులు ఎవరు కొంటారు? మైక్రోసాఫ్ట్ వారి ఏఐ కోపైలట్ పెద్ద కంపెనీలకు వచ్చిన రోజున మనిషికి నెలకు 30 డాలర్లన్నారు. మీటింగులు తగ్గితే ఆ బేరం నడవదు.

ఈ నోట్‌టేకర్ తమ్ముడికి లేచి వెళ్ళడం కూడా రాదు. 2024లో అమెరికాలో ఒక పెట్టుబడి సంస్థవాళ్ళు ఒకాయనతో జూమ్‌లో మాట్లాడారు. ఆయన వెళ్ళిపోయాక గంటల తరబడి తమలో తాము మాట్లాడుకున్న గుట్టంతా ఆటర్ అనే నోట్‌టేకర్ రాసిపెట్టి, బుద్ధిగా ఆయనకే మెయిల్ చేసింది. బేరం అక్కడితో సరి. చెప్పకుండా మాటలు రికార్డు చేస్తోందని 2025 ఆగస్టులో కాలిఫోర్నియాలో దాని మీద దావా కూడా పడింది. మా దగ్గర మావాళ్ళు దావాల దాకా పోలేదు, వేరే దారి పట్టారు. కాల్‌లో నోరు కుట్టేసుకుని, అయ్యాక కింద టీ కొట్టు దగ్గర మాట్లాడుకుంటున్నారు. అసలు నిర్ణయాలన్నీ ఉస్మానియా బిస్కెట్ల మధ్యే జరుగుతున్నాయి. రికార్డులో ఉండేవన్నీ పొగడ్తలే.

 

ఇక్కడిదాకా నవ్వుకుందాం. ఆ టౌన్‌హాల్ తర్వాత వచ్చిన మెయిల్లో అడుగున ఇంకో వాక్యం ఉంది. ట్విన్‌ని పంపే వెసులుబాటు డైరెక్టర్ హోదా, ఆ పైవాళ్ళకే. మిగిలినవారు కెమెరా ఆన్ చేసి స్వయంగా హాజరు కావాలి.

నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. అమెరికా వాళ్ళకు పొద్దున్న అంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. మా టీమ్‌లో ఒకమ్మాయి చంటిపిల్లను పక్కగదిలో అత్తగారి చేతికిచ్చి, జుట్టు సరిచేసుకుని, గోడ ముందు కూర్చుంటుంది. పిల్ల ఏడిస్తే మ్యూట్ నొక్కి నవ్వుతూనే ఉండాలి. ఎందుకంటే వారాంతంలో రిపోర్టు వస్తుంది. ఎవరెంత శాతం మాట్లాడారు, ఎవరి ముఖంలో ఉత్సాహం తగ్గింది అని. ఆమె ఎవరి ముందు అంత ఉత్సాహంగా కనబడాలి? నిద్రపోతున్న సార్ గారి బొమ్మ ముందు! బిడ్డ తల్లికి ఒక కవలను ఇచ్చి పడుకోమ్మా అనొచ్చు కదా? అనరు. ఆమె బదులు బొమ్మ వస్తే అది నిర్లక్ష్యం. సార్ బదులు వస్తే ఆవిష్కరణ. కాలేజీలో స్నేహితుడితో ప్రాక్సీ వేయించుకున్న కుర్రాణ్ణి హాజరు చాలదని పరీక్షకు కూర్చోనివ్వరు. వాడే పెద్దయ్యాక అదే పని చేస్తే ముఖ్యోపన్యాసం ఇవ్వమని పిలుస్తారు.

మన రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. గెలిచిన సర్పంచ్ ఇంట్లో ఉంటే కుర్చీలో భర్తగారు కూర్చోవడం మనకు కొత్త కాదు. దాని మీద మనం సంపాదకీయాలు రాశాం, ఎగతాళి చేశాం, చర్యలు తీసుకోమన్నాం. తప్పు కాబట్టి రాశాం. కానీ ఆ భర్తను ఊళ్ళో రచ్చబండ దగ్గర నిలదీయొచ్చు. నీళ్ళు రాకపోతే ఇంటి మీదికి వెళ్ళొచ్చు. బొమ్మ ఇంటికి ఎవరు వెళ్తారు?

మొన్న జరిగింది అదే. క్లయింట్ ముందు సార్ బొమ్మ పది రోజుల్లో ఇచ్చేస్తామంది. పది రోజుల్లో అయ్యే పని కాదని పక్కనున్న కుర్రాడికి తెలుసు. బొమ్మ మాటకు అడ్డు చెప్పడం మర్యాదో కాదో తెలియక ఊరుకున్నాడు. మర్నాడు సార్‌ని అడిగితే “నేనలా అనలేదే, అది టూల్ పొరపాటు” అన్నారు. సరే, క్లయింట్‌కి ఆ మాట చెప్పండి సార్. చెప్పరు. మాట టూల్‌ది, పరువు కంపెనీది, పోయిన శని ఆదివారాలు మాత్రం ఆ కుర్రాడివి. ఇదీ ఈ బొమ్మలాట లోగుట్టు. దీన్ని టైమ్ మిగల్చడం అంటున్నారు. మిగిలిన టైమ్ ఎవరి జేబులోకి పోయిందో, ఎవరి జేబులోంచి పోయిందో ఆ టౌన్‌హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళు లెక్కేసుకోవాలి.

బొమ్మల్ని నమ్మడం మొదలుపెడితే ఎక్కడ తేలుతామో కూడా చూసేశాం. 2024లో హాంకాంగ్‌లో ఆరప్ కంపెనీ ఉద్యోగి వీడియో కాల్‌లో పై అధికారుల మాట విని దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. ఆ కాల్‌లో అతను తప్ప మిగతావాళ్ళంతా డీప్‌ఫేక్‌లే. తెరమీద ఉన్నది సార్ కాదని అనుమానించడం ఉద్యోగధర్మమని ఆ దెబ్బతో మా ఆఫీసు పెద్దలు శిక్షణలు మొదలుపెట్టారు. అదే నోటితో ఇప్పుడు, తెరమీద ఉన్నది సార్ కాకపోయినా సార్ అనుకోమంటున్నారు.

చట్టానికి ఉన్న ఇంగితం వీళ్ళకు లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం వాటాదారు తన బదులు ఇంకొకర్ని పంపొచ్చు. బోర్డు మీటింగ్‌లో డైరెక్టర్‌కి ఆ వీలు లేదు. వీడియోలో హాజరైతే 2014 నియమాల కింద మొదట హాజరు పిలుస్తారు. పేరు చెప్పాలి, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో చెప్పాలి, తను తప్ప ఇంకెవరూ వినడం లేదని చెప్పాలి. పన్నెండు నెలల పాటు ఒక్క బోర్డు మీటింగ్‌కీ రాకపోతే పదవే ఊడుతుంది.

మాకు ఇంకేమీ వద్దు. ఆ హాజరు పిలుపును రాత్రి తొమ్మిదిన్నర కాల్‌కి కూడా పెట్టండి. పేరు, ఊరు, పక్కన ఎవరూ లేరన్న మాట. జాబితాలో మొదటి పేరు సార్‌ది. కెమెరా ఆన్ చేసి.