డాలరన్న

డబ్బు లెక్కల కోడ్ ఏదొచ్చినా మేనేజరు డాలరన్నకే అప్పజెబుతాడు. "దీనికేముంది, చిటికెలో పని" అనేవాడు ఆఫీసు మొత్తానికి ఆయనొక్కడే మరి. మీ ఆఫీసులోనూ ఉండే ఉంటాడు, చూడండి.

బిల్లు మీద గుర్తు కనబడితే చాలు, ఆయనకు దేశం తెలిసిపోతుంది. డాలరు గుర్తుందా, అమెరికా. "అన్నా, ఇది సింగపూర్ బిల్లు కదా?" అని కొత్తగా చేరిన పిల్ల అడిగితే, "డాలరంటే డాలరేనమ్మా" అని టీకి లేస్తాడు. కెనడా, ఆస్ట్రేలియా, హాంకాంగ్ వాళ్లకూ అదే గుర్తు. మెక్సికో పెసోకైతే డాలరనే పేరు లేకపోయినా గుర్తు మాత్రం అదే. అక్కడి నుంచి వెయ్యి పెసోల హోటల్ బిల్లొచ్చిన రోజు, గది అద్దె వెయ్యి డాలర్లా అని అకౌంట్స్ వాళ్లు గుండె పట్టుకున్నారు. జపాన్ యెన్‌కూ చైనా యువాన్‌కూ ఒకటే గుర్తు. విలువలో మాత్రం యువాన్‌కు ఇరవై దాకా యెన్‌లు వస్తాయి. "పక్కపక్క దేశాలే కదా, సర్దుకుంటారు" అన్నాడు.

పోనీ, మన రూపాయి దగ్గరైనా కుదురుగా ఉంటాడా? 2010లో మనకంటూ ఒక గుర్తొచ్చింది గానీ, బిల్లుల మీద పాత 'రూ.' ఇంకా పోలేదు. అంకెలూ చుక్కా ఉంచి మిగతాదంతా తీసేయమని డాలరన్న ఒక్క లైను రాశాడు. 'రూ.500'లో 'రూ' ఎగిరిపోయింది, వెనకాల చుక్క మిగిలింది. పాయింటు ఐదొందలు, అంటే అర్ధ రూపాయి! ఐదొందల రూపాయల టిఫిన్ బిల్లు యాభై పైసలకు తేలింది. చుక్కను సరిదిద్దుతూ, పనిలో పనిగా మైనస్ గుర్తునూ ఉంచేలా రెండో లైను రాశాడు. ఈసారి '500/-' చివరి గీతను ఆ లైను మైనస్ అనుకుంది. హోటల్‌వాడే మనకు ఐదొందలు బాకీ పడ్డాడు.

కువైట్ దినారుకు వెయ్యి ఫిల్సులని, పాయింటు తర్వాత మూడంకెలు ఉంటాయని కడప వైపు ఎవర్నడిగినా చెబుతారు. ఈయన రెండే ఉంచి, మూడోదాన్ని చిల్లర కింద కొట్టేస్తాడు. యెన్‌కు పైసలే లేవంటే నమ్మడు. వందతో భాగించి ఐదు వేల యెన్‌ను యాభై చేసి కూర్చుంటాడు. ప్రతి కరెన్సీకీ మూడక్షరాల కోడ్ ఇచ్చే ఐఎస్‌ఓ 4217 ప్రమాణం 1978 నుంచీ ఉంది. ఆ మాటెత్తితే, "మన ప్రాజెక్టుకి అంత అవసరమా?" అంటాడు.

తెలియక కాదు సుమండీ. మొన్న మరదలికి సంబంధం వచ్చింది. అబ్బాయి ఏడాదికి లక్ష డాలర్లు తెస్తాడని పెళ్లిళ్ల పేరయ్య అన్నాడో లేదో, డాలరన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఏ డాలర్లు? అమెరికావా, కెనడావా? ముందు రూపాయల్లో చెప్పండి."

కాబట్టి ఈయనకు బిల్లులు పంపేవారికి నా మనవి: మొత్తం పక్కన యూఎస్‌డీ, సీఏడీ, ఐఎన్‌ఆర్, ఏదో ఒకటి తప్పకుండా రాయండి. గుర్తు ఒక్కటే వేసి ఊరుకుంటే మాత్రం, అది మరదలికి వచ్చిన సంబంధం తాలూకు బిల్లని చెప్పండి.