దెయ్యానికీ ఓ చోటుండేది

బెంగళూరులోని మా యలహంకలో బొమ్మలు వేసే పిల్లలకు కొదవ లేదు. సృష్టి డిజైన్ కాలేజీ ఇక్కడే ఉంది కదా, ఏ టీకొట్టు దగ్గర చూసినా స్కెచ్ పుస్తకాలే. సంతోషమే. నా బాధ వేరు.

మా పైవాటాలో అద్దెకుండే కడప అమ్మాయి క్రిస్మస్ సెలవులకు రాబోయే పిల్లల పుస్తకానికి బొమ్మలు వేస్తోంది. స్వీడన్, నార్వే కథల్లోని ట్రోల్‌లనే అడవి భూతాలు, పశువుల కొట్టాన్ని కాచే టోమ్టేలు, నీళ్లలో పొంచి ఉండి మనుషుల్ని లాక్కుపోయే నోకెన్. “తాతగారూ, ఒకసారి చూడండి” అని ట్యాబ్ ముందు పెట్టింది.

చూశాను. ట్రోల్‌కి కుక్కపిల్ల కళ్లు, నోకెన్‌కీ అవే కళ్లు. వెనకంతా నీలం పొగ. “అడవేదమ్మా?” అన్నాను. “అది చివర్లో పెడతాం తాతగారూ, ముందు క్యారెక్టర్ ఓకే అవ్వాలి” అంది. ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు, ఆమె గీత బంగారం. పని అప్పజెప్పినవాళ్ల మీద. పిల్లలు జడుసుకోకూడదట, నెల తిరక్కుండా పుస్తకం అచ్చుకెళ్లాలట.

మా రోజుల్లో చోటు ముందు, దెయ్యం తర్వాత. శంకర్ గారు 1952లో పిల్లల పత్రిక చందమామలో చేరి దాదాపు అరవై ఏళ్లు బొమ్మలు వేశారు. ఆయన విక్రమార్కుణ్ణి తలుచుకోండి. దూసిన కత్తి, భుజాన శవం. చుట్టూ ఉన్నది మన ఊరి చివరి శ్మశానమే అనిపించేది. అందుకే భేతాళుణ్ణి నమ్మాం. జడుసుకున్నాం కూడా. అయితే ఏం? దుప్పటి ముసుగేసుకుని మళ్లీ అదే పేజీ తీసేవాళ్లం. చందమామ తొలినాళ్ల చిత్రకారుడు ఎం.టి.వి. ఆచార్య తర్వాత ఈ బెంగళూరు నుంచే పోస్టులో బొమ్మల పాఠాలు నేర్పారు. పాఠం పోస్టులో వచ్చినా, చెట్టుని మాత్రం మన పెరట్లోనే చూసి గీసుకోవాలి.

ఆ ఉత్తరదేశాల పెద్దలు చేసిందీ ఇదే. స్వీడన్‌లో 1907 నుంచి ఏటా క్రిస్మస్‌కి ట్రోల్ కథల పుస్తకం వచ్చేది. దానికి యోన్ బావర్ వేసిన ట్రోల్‌లను చూడండి, ఏది నాచు పట్టిన బండో, ఏది ట్రోల్ భుజమో ఒక పట్టాన తేలదు. ఆ చీకట్లో చిన్న రాకుమారి ఒక్కతే తెల్లగా వెలుగుతుంటుంది. నార్వే చిత్రకారుడు కిట్టెల్సన్ అడవి ట్రోల్ అయితే చెట్లతో సహా కొండే లేచి నిలబడ్డట్టుంటుంది. ఆయన 1904లో వేసిన నోకెన్ మరీ పొదుపు: మసక కొలను, నీటి మీద తల, రెండు తెల్లటి కళ్లు. ఆ కొలను తీసేస్తే నోకెన్ ఏముంది?

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. స్వీడన్ వెళ్లలేకపోతే పొద్దున్నే పుట్టేనహళ్లి చెరువు దగ్గరకి పొమ్మన్నాను, మంచులో తుంగ ఎలా ఉంటుందో, నీళ్లు ఎక్కడ నల్లబడతాయో కూర్చుని గీసుకోమన్నాను. బుద్ధిగా విన్నది.

ఇంకోటి అడిగాను, బొమ్మ మూల సంతకం ఏదని. శంకర్, చిత్రా, వ.పా. అని ఆ మూల చూసే కదా మేం చిత్రకారుల్ని గుర్తుపట్టింది! సంతకం పెట్టనివ్వరట. ఒప్పందం కాగితంలోనే అలా రాసుకున్నారట. కొండంత కష్టం నీది, పేరు వాళ్లదా? అయితే ఆ కాగితం తిరగరాయించుకో, కుదరదంటే ఆ పని వద్దని చెప్పెయ్ అన్నాను.