అందరూ "సిస్టం" అని పిలిచే నా కథ

"సిస్టంల ఎక్కించినవా?" అని మేనేజరు అడిగితే అది నా గురించే. అసలు పేరు కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్, పొట్టిగా సీఆర్‌ఎం. శామీర్‌పేటలో రాజీవ్ రహదారి పక్కన, వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మే ఒక కంపెనీలో నా కొలువు. నాకు ఒళ్లు లేదు. ఎక్కడో సర్వర్లలో ఉంటాను. పొద్దున టెలీకాలర్లు లాగిన్ అయితే నాకు తెల్లవారుతుంది.

నాకూ వంశ చరిత్ర ఉంది. 1993లో అమెరికాలో సీబెల్ సిస్టమ్స్ అనే కంపెనీ పుట్టింది. అప్పట్లో మావాళ్లను పెద్ద కంపెనీలే కొని, సొంత సర్వర్ల మీద పెట్టుకునేవి. 1999లో మార్క్ బెనియాఫ్ తోటివాళ్లతో కలిసి సేల్స్‌ఫోర్స్ స్థాపించి, మమ్మల్ని ఇంటర్నెట్ మీద అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. 2005లో మన చెన్నై నుంచి జోహో సీఆర్‌ఎం వచ్చింది. అప్పటి నుంచి చిన్న ఆఫీసులకు కూడా మేం అందుబాటులోకి వచ్చాం. నేను వీళ్లలో ఎవరి సంతానమో చెప్పను. నా కష్టసుఖాలు ఏ కంపెనీ సీఆర్‌ఎంకైనా ఒకటే.

నేను రాకముందు ఈ ఆఫీసులో ఒక లాంగ్ నోట్‌బుక్కు, సేల్స్ కుర్రాళ్ల జేబుల్లో ఫోన్లు, అంతే. కుర్రాడు మానేస్తే అతని ఫోన్‌తో పాటే కస్టమర్లూ వెళ్లిపోయేవారు. ఆ బాధ పడలేకే ఎండీ సారు నన్ను తెప్పించారు. తెచ్చిన ఉత్సాహంలో "అన్నీ పెట్టండి" అన్నారు. పెళ్లిరోజు, కారు మోడల్, పిల్లల స్కూలు, తండ్రి ఉద్యోగం... అన్నిటికీ గడులు పెట్టారు, అన్నీ తప్పనిసరి చేశారు. ఏమైంది? పెళ్లిరోజు గడిలో అందరికీ జనవరి 1. కారు గడిలో ఒక చుక్క. బడ్జెట్ గడిలో సున్నా. తప్పనిసరి చేస్తే నిజం రాదు, గడి మాత్రం నిండుతుంది.

అప్పుడు వచ్చింది మా అడ్మిన్ మేడం. సెట్టింగుల జోలికి పోకుండా ముందు టెలీకాలర్ పక్కన కుర్చీ వేసుకుని కాల్స్ విన్నది. "అక్కా, కస్టమర్ లైన్ల ఉన్నడు. గివన్నీ ఎప్పుడు నింపాలె?" అన్నాడు కుర్రాడు. ఆమె తిరిగి వచ్చి ప్రతి గడి ముందూ ఒకే ప్రశ్న వేసింది: ఇది నింపితే, దాన్ని చూసి ఎవరు ఏ పని చేస్తారు? జవాబు లేని గడులన్నీ ఎగిరిపోయాయి. మొదటి కాల్‌కి ఫోన్ నంబరు, ఎక్కడ విని చేశారు, బడ్జెట్, మళ్లీ ఎప్పుడు చేయాలి, ఇవే మిగిలాయి. పాన్ కార్డు వివరాలు బుకింగ్ దశకు వస్తే తప్ప అడగకుండా చేసింది. నా జీవితంలో మొదటిసారి నాలో నిజాలు చేరడం మొదలైంది.

మన ఇళ్లలో ప్లాటు ఒకరు కొనరు, ఇల్లంతా కొంటుంది. డాలస్‌లో ఉన్న కొడుకు వాట్సాప్‌లో ధర అడుగుతాడు. అల్వాల్ నుంచి తండ్రి సైట్ విజిట్‌కి వస్తాడు. రిజిస్ట్రేషన్ మాత్రం తల్లి పేరున. నాలో అవి మూడు లీడ్లు, అంటే కొనొచ్చని రాసుకున్న మూడు పేర్లు, ముగ్గురు టెలీకాలర్లకు పంచినవి. ముగ్గురూ ఒకే ఇంటికి ఫోన్ చేస్తే ఆ పెద్దాయన "మీ ఆఫీసుల ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?" అని కసిరాడు. పేరును బట్టి వెతుకుదామా అంటే ఇంగ్లీషులో లక్ష్మికి ఒకరు కేఎస్‌హెచ్ రాస్తారు, ఇంకొకరు ఎక్స్ రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. అందుకే మేడం పేరును నమ్మలేదు, నంబరును నమ్మింది. దేశం కోడ్‌తో సహా ఒకే పద్ధతిలో రాయాలని నియమం పెట్టింది, అదే నంబరు మళ్లీ వస్తే నేను ఆపేస్తాను. ఆ పైన కుటుంబానికి ఒక ఖాతా తెరిచి, అందులో డబ్బు పెట్టేది ఎవరు, నిర్ణయించేది ఎవరు, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున అని విడివిడిగా రాయించింది. పాత జంట రికార్డులు కలిపే ముందు రెంటినీ డౌన్‌లోడ్ చేసి దాచింది, ఎందుకంటే ఒకసారి కలిపితే విడదీయడం నా వల్ల కాదు.

నాకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఎక్సెల్ నుంచే వస్తాయి. ప్రాపర్టీ షోలో రాసుకున్న పేర్లు ఎక్సెల్‌లో వేసి నాకు ఎక్కిస్తారు. 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబరును ఎక్సెల్ 9.19 లాంటి అంకె పక్కన ఒక ఈ (E) అక్షరం తగిలించి కుదించి చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా దాస్తే మిగతా అంకెలు పోయినట్టే. ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చాలి. 05/06 అని ఉంటే జూన్ 5వ తేదీయో మే 6వ తేదీయో నాకు తెలియదు, మీ సెట్టింగ్ ఏం చెబితే అదే. తెలుగులో రాసిన పేర్లు ప్రశ్నార్థకాలుగా మారకూడదంటే ఫైలును యూటీఎఫ్-8లో దాచాలి. ఇవన్నీ చూసుకున్నా, ముందు పది వరసలు ఎక్కించి కళ్లారా చూసి, ఆ తర్వాతే మిగతావి ఎక్కించాలి.

2024 మార్చి 7న ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఇక్కడ ఫోన్లు మోగడం మొదలైంది. ఆ కాల్స్ వార్త చూసి వచ్చాయా, హోర్డింగ్ చూసి వచ్చాయా అంటే నా దగ్గర సగానికి పైగా "ఇతరములు" అని ఉంది. ఆ మాట జాబితాలో ఉన్నంతకాలం అదే గెలుస్తుంది. మేడం ప్రతి వారం ఆ కుప్ప తిరగేసి, పదేపదే కనబడే కారణాన్ని జాబితాలో చేర్చింది. అదే ఏడాది జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక చాలామంది అడిగే ప్రశ్న మారింది. "చెరువు ఎఫ్‌టీఎల్‌లో లేదు కదా?" ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పటి నీటి హద్దు. మాది పెద్ద చెరువు పక్కన ఊరు కాబట్టి అడగడం న్యాయమే. దానికి కుర్రాళ్లు నోటికొచ్చిన జవాబు చెప్పకుండా, మేడం వెంచర్ రికార్డులో సర్వే నంబరు, అనుమతి పత్రాలు జతచేయించింది. ఇప్పుడు అందరూ ఒకే కాగితం చూసి మాట్లాడతారు.

చట్టాన్ని గుర్తుపెట్టుకునే పని కూడా నాకే ఇవ్వొచ్చు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం, రిజిస్టర్ చేసిన అమ్మకం ఒప్పందం లేకుండా ఖరీదులో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మేడం ఆ మాటను నాలో నియమంగా రాసింది. ఒప్పందం తేదీ లేకుండా ఎక్కువ మొత్తం ఎక్కించబోతే నేను ఒప్పుకోను. సేల్స్ వాళ్లకు కోపం వస్తుంది. రానీయండి.

ఒక ఉగాదికి జరిగిన ముచ్చట చెబుతాను. శుభాకాంక్షల మెసేజ్ అందరికీ పంపమని ఎవరో నాకు ఆర్డర్ వేశారు. అందరికీ అంటే అందరికీ. బుకింగ్ రద్దు చేసుకుని వాపసు డబ్బు కోసం తిరుగుతున్న వాళ్లకు కూడా "మీ కలల ప్లాటు మీకోసం" అని వెళ్లింది. ఆ రోజు ఆఫీసు ఫోన్ ఎత్తిన వాళ్ల చెవులకు తెలుసు. అప్పటి నుంచి ఏ ఆటోమేషన్ అయినా ముందు ప్రయోగాలకు విడిగా ఉంచిన శాండ్‌బాక్స్‌లో నడవాలి, మెసేజ్ ముందు మేడం ఫోన్‌కే రావాలి. ఇంకో సంగతి, ఎస్సెమ్మెస్ మాటలు, టెలికాం కంపెనీల రిజిస్టరైన డీఎల్‌టీలో నమోదైన టెంప్లేట్‌తో సరిపోకపోతే టెలికాం కంపెనీ దాన్ని ఆపేస్తుంది. అందుకే ఆ మాటలు మార్చే హక్కు అందరికీ ఇవ్వకూడదు.

హక్కుల దగ్గరే ఆఫీసులు ఎక్కువ నష్టపోతాయి. లైసెన్స్ ఖర్చు మిగులుతుందని ఒక లాగిన్‌ను నలుగురు వాడితే, ఏ మార్పు ఎవరు చేశారో నా చరిత్ర పుస్తకం చెప్పలేదు. లీడ్ల జాబితా మొత్తం డౌన్‌లోడ్ చేసే వీలు ఇద్దరికి మించి ఉండనక్కర్లేదు. టెలీకాలర్‌కు తన లీడ్లు కనబడితే చాలు. మనిషి ఉద్యోగం మానేసిన రోజునే అతని లీడ్లు ఇంకొకరి పేరుకు మార్చి, లాగిన్ ఆపేయాలి. ఖాతాను తుడిచేయకూడదు, అతను చేసిన కాల్స్ చరిత్ర దానికే కట్టి ఉంటుంది.

ఇప్పుడు ఈ జాగ్రత్తలకు చట్టం కూడా తోడైంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. తగిన భద్రత లేక వివరాలు బయటికి పోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలుంది. "నాకు ఫోన్ చేయొద్దు" అని కస్టమర్ చెబితే అది టెలీకాలర్ జ్ఞాపకంలో కాదు, నాలో ఉండాలి, అది పెట్టగానే కాల్స్ కలిపే డయలర్ ఆ నంబరును వదిలేయాలి.

చివరగా, మీ ఆఫీసులో నాలాంటిది ఉండి, దాని తాళాలు మీ చేతిలో ఉంటే ఒక మాట. ఎండీ సారు సోమవారం మీటింగ్‌లో నా రిపోర్టు తెరవకుండా పక్కన ఎక్సెల్ షీట్ అడిగితే, మంగళవారం నుంచి నన్ను ఎవరూ నింపరు. ముందు ఆయన్ని ఒప్పించండి. కొత్త గడి అడిగిన వాళ్లను "ఎందుకు?" అని అడగండి. నెలకోసారి ఎవరెవరికి ఏ హక్కులున్నాయో చూడండి, బ్యాకప్ తీసి, అది నిజంగా తెరుచుకుంటుందో లేదో పరీక్షించండి. నాకు తెలివి లేదు, మీరు పెట్టిన క్రమశిక్షణే నా తెలివి.