పంద్రాగస్టు పోస్టర్: లోగో నలగకుండా దేశభక్తి చాటడం ఎలా?

ఆగస్టు 14 సాయంత్రం. కోల్‌కతా న్యూ టౌన్‌లో విశ్వ బంగ్లా గేటు చుట్టుపక్కల ఆఫీసులు ఖాళీ అవుతుంటాయి. సరిగ్గా అప్పుడే డిజైనర్ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది: ‘రేపటికి ఒక పోస్టర్ కావాలి. సింపుల్‌గా, క్లాసీగా ఉండాలి. లోగో మాత్రం కాస్త పెద్దది చేయండి.’ ఫ్లాట్లు అమ్మేవాళ్లు, పళ్లు పీకేవాళ్లు, కోచింగ్ సెంటర్ వాళ్లు, అందరికీ ఆ రాత్రే దేశం గుర్తొస్తుంది. అక్కడ ఈ పనిలో ఉన్న తెలుగు పిల్లల కోసం కొన్ని సూచనలు.

1. ముందు లోగో, తర్వాతే దేశం

జెండా మీద ఎలాంటి రాతలూ ఉండకూడదనీ, జెండాను ప్రకటనలకు వాడకూడదనీ 2002 నాటి ఫ్లాగ్ కోడ్ చెబుతోంది. కంగారు పడకండి. పైన కాషాయం, కింద ఆకుపచ్చ పులిమి, మధ్యలో చక్రం ఉండాల్సిన చోట దంత వైద్యశాల లోగో పెట్టండి. ఎవరైనా అడిగితే ‘జెండా ఎక్కడండీ, అది గ్రేడియెంట్’ అనండి. 1906 ఆగస్టు 7న ఇదే కలకత్తాలో, పార్సీ బగాన్‌లో ఎగరేసిన జెండా మీద ‘వందేమాతరం’ అని రాసి ఉండేది. ఆ స్థానంలో మీరు ‘ఈఎంఐ సౌకర్యం కలదు’ అని వేస్తే సంప్రదాయాన్ని నిలబెట్టినట్టే.

2. జెండాను ఫోనుకు సరిపెట్టండి

మన జెండా పొడవు వెడల్పుల నిష్పత్తి 3:2. ఇన్‌స్టా స్టోరీది 9:16. ఇద్దరిలో ఎవరు సర్దుకోవాలో చెప్పక్కర్లేదు. సాగదీస్తే చక్రం కోడిగుడ్డులా తయారవుతుంది కనుక జెండాను నిలువుగా తిప్పండి. నిలువుగా ఉన్నప్పుడు కాషాయం చూసేవాళ్లకు ఎడమవైపు రావాలన్నది నియమం. అటుది ఇటైతే, చక్రం ఎలాగూ లోగో కింద పోయింది కాబట్టి, అది అచ్చంగా ఐర్లాండ్ జెండా అవుతుంది. బాధపడకండి, వాళ్లూ బ్రిటిష్ వాళ్లతో పోరాడినవాళ్లే.

3. వెనకాల ఒక కట్టడం

కోల్‌కతా పోస్టర్ అనగానే విక్టోరియా మెమోరియల్ పెట్టి, దాని గుమ్మటానికి మూడు రంగులు అద్దండి. బ్రిటిష్ రాణి స్మారకార్థం కట్టి 1921లో ప్రారంభించిన భవనం అది. పింగళి వెంకయ్య బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది కూడా ఆ ఏడాదే. ఇన్నాళ్లకు రెంటినీ మీరు ఒక ఫ్రేములో కలిపారు. ఈ ఘనత రాణిగారికి తెలిస్తే ఎంత సంతోషించేదో!

ఇంకో చిట్కా. బెంగాలీలో ‘స్వాధీనతా దిబస్’ అని టైపు చేసి ఫోటోలు వెతకండి. త్రికోణాకారంలో ఆకాశంలోకి లేచిన అందమైన స్తూపం ఒకటి దొరుకుతుంది. అది ఢాకా దగ్గరి సావర్‌లో ఉంది. బంగ్లాదేశ్ స్వాతంత్ర్య దినం మార్చి 26. కామెంట్లు మాత్రం బాగా వస్తాయి.

4. మహానుభావులు

గాంధీజీ బొమ్మ తప్పనిసరి. కేంద్రం అనుమతి లేకుండా ఆయన పేరూ బొమ్మా వ్యాపారానికి వాడకూడదని 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం కింద ఆంక్ష ఉంది. సరుకు ప్రచారానికి వాడని క్యాలెండర్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. చట్టం చేసినప్పుడు పెట్టిన జరిమానా 500 రూపాయలకు మించదు. పోస్టును బూస్ట్ చేయడానికే అంతకన్నా ఎక్కువ పెడతారు కాబట్టి బడ్జెట్‌లో కలిపేసుకోండి.

నేతాజీ సెల్యూట్ చేస్తున్న బొమ్మ దొరికితే ఎడమవైపు పెట్టి, ఎదురుగా మీ ఎండీ గారిని చేతులు కట్టుకుని నిలబెట్టండి. నేతాజీ సెల్యూట్ కొడుతున్నది ఎండీ గారికే అనిపిస్తుంది. ఆ పోస్టర్‌ని ఆయన ఒక్క మార్పూ చెప్పకుండా ఓకే చేస్తారు.

5. నాలుగు మాటలు

స్వేచ్ఛను కస్టమర్‌కి అర్థమయ్యేలా చెప్పండి: అద్దె నుంచి స్వేచ్ఛ, చుండ్రు నుంచి స్వేచ్ఛ, పంటినొప్పి నుంచి స్వేచ్ఛ. ఎన్నో స్వాతంత్ర్య దినమో లెక్క తేలదు. 2025లో వచ్చింది 79వది, నిండినవి 78 ఏళ్లు. గొడవెందుకు, ‘1947 రూపాయలకే రూట్ కెనాల్’ అనేయండి. చరిత్రా చెప్పినట్టుంటుంది, గిరాకీ వస్తుంది. బెంగాలీ వాక్యాన్ని అనువాద యాప్ నుంచి తెచ్చి అతికించండి. అందులో తప్పుందేమో మీ టీమ్‌లో ఎవరికీ తెలియదు. ఊళ్లో అందరికీ తెలుస్తుంది.

6. పొదుపు

ఫైలు పారేయకండి. జనవరి 26కి ‘స్వాతంత్ర్య’ తీసి ‘గణతంత్ర’ పెడితే చాలు. తీయడం మర్చిపోయినా పర్లేదు, చాలామంది మర్చిపోతారు.

ఇవన్నీ పాటించినా పోస్టర్ నిండుగా రాలేదనిపిస్తే, న్యూ టౌన్ నుంచి బేలియాఘాటా దాకా వెళ్లి హైదరీ మంజిల్ చూసి రండి. 1947 ఆగస్టు 15న గాంధీజీ ఉన్నది ఆ ఇంట్లోనే. ఢిల్లీ సంబరాలకు వెళ్లలేదు. మతకల్లోలాల్లో రగిలిన ఊళ్లో ఉపవాసం ఉండి, ప్రార్థన చేసుకుంటూ, రాట్నం వడుకుతూ ఆ రోజు గడిపారు. ఈ సందర్భంగా ఒక సందేశం ఇవ్వమని ప్రభుత్వం తరఫున అడిగితే, చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదన్నారు. అంతటి మనిషికే మాట రాని రోజున మన పళ్ల క్లినిక్ మాట్లాడకపోయినా దేశానికి వచ్చిన లోటేమీ లేదు.

యజమానులకు ఒక్క మనవి. దేశం మీద గౌరవం చూపించాలని నిజంగా ఉంటే ఈసారి పోస్టర్ మానేయండి. ఆ డిజైనర్‌ని 14 రాత్రి వేళకు ఇంటికి పంపి, 15న సెలవివ్వండి. అది జాతీయ సెలవు దినం.