మొహం చూసి పాడిన పాట

మా రోజుల్లో వేలంలో బొమ్మ కారు కొనాలంటే ముందు దాన్ని బోర్లా తిప్పేవాళ్లం. అడుగున రివెట్లు చూడాలి. ఫ్యాక్టరీలో బిగించిన రివెటు తల నున్నగా ఉంటుంది. ఎవరైనా దాన్ని తొలిచి, కారు విప్పి, మళ్లీ రంగేసి బిగిస్తే అక్కడ స్క్రూ అయినా కనిపిస్తుంది, జిగురు మరకైనా కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు లివర్‌పూల్‌లో చేసిన డింకీ కంపెనీ కారైతే సన్నని పగుళ్ల కోసం వెతకాలి. ఆ జింకు మిశ్రమంలో సీసం కలిసి ఉంటే లోహం లోలోపలే పుచ్చిపోయి, ఏళ్లు గడిచాక బిస్కెట్టులా విరుగుతుంది. ఇవన్నీ వేళ్లకు తెలియాల్సిన సంగతులు. ఫొటోలో ఏం తెలుస్తాయి?

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం నాది. మా వీధిలో బెంగాలీ ఎంత వినబడేదో తెలుగూ అంతే వినబడేది. ఆదివారం పొద్దున్నే లోకల్ ఎక్కి హౌరాలో దిగి, బస్సు పట్టుకుని కలకత్తా రసెల్ స్ట్రీట్ చేరేవాణ్ని. 1940లో పెట్టిన రసెల్ ఎక్స్ఛేంజ్ లాంటి వేలంశాలలు అక్కడ ఉండేవి. దొరల ఇళ్ల బీరువాలు, పియానోలు, గోడ గడియారాలు, వాటి సందున ఏ మూలో అట్టపెట్టెలో కలగాపులగంగా పిల్లల బొమ్మలు. డింకీ వాళ్ల పాత అచ్చులు కొన్ని కలకత్తా కంపెనీ చేతికొచ్చి, 1960ల చివర్లో నిక్కీ టాయ్స్ పేరుతో అక్కడే కార్లు పోతపోశారు. అడుగున డింకీ పేరు గీకేసిన ఆనవాలు కనబడేది. రంగు మందం, పనితనం మోటు. అయినా నాకు అవే ముద్దు.

ఒకసారి నిక్కీ జాగ్వార్ ఒకటి పాటకొచ్చింది. నేను ఆరు రూపాయలు పాడాను. ముందు వరుసలో ఒకాయన, ఒళ్లో నాలుగేళ్ల కొడుకు. ఆయన ఏడన్నాడు. నా వెనక పాత సామాన్ల వ్యాపారి, ఏ లాటూ వదలని మనిషి, ఎత్తబోయిన చెయ్యి పిల్లాణ్ని చూసి దించేసుకున్నాడు. నాకూ నోరు పెగల్లేదు. ఏడు రూపాయలకే సుత్తి పడింది. పిల్లాడు ఆ కారుని అక్కడే, కుర్చీల కాళ్ల మధ్య పరుగెత్తించాడు.

ఇప్పుడు ఆన్‌లైన్ వేలాల్లో ఎదుటివాడెవడో తెలియదు. ఎంతవరకు వెళ్తామో ముందే రాసిపెడితే మన బదులు యంత్రం పాడుతుంది. గంటల తరబడి చడీచప్పుడూ లేనివాడు ఆఖరి సెకన్లలో దూరి తన్నుకుపోతాడు. సుత్తి పడిన ధర మీద కొన్నవాడి కమిషన్ నూటికి ఇరవయ్యో పాతికో, దాని మీద పన్ను, పోస్టు ఖర్చు, విదేశీ సరుకైతే కస్టమ్స్. మా పిల్లలు ఆ పూటే చింపి పారేసిన అట్టపెట్టె ఉంటే చాలు, ధర ఎక్కడికో పోతుంది. అందుకే పెట్టెలకే నకళ్లు అచ్చేస్తున్నారు. మంచి బొమ్మకు గ్రేడు వేసి, అద్దం లాంటి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసేస్తారు. దాని చక్రం తిరుగుతుందో లేదో కొన్నవాడికి కూడా తెలియదు.

నిరుడు ఒక ఆన్‌లైన్ వేలంలో డింకీ లారీ ఒకటి పాడాను. అసలు రంగు, అసలు పెట్టె అని రాశారు. పద్దెనిమిది వేలు పోశాను. వచ్చాక బోర్లా తిప్పితే రివెట్లు తొలిచిన గుర్తులు. పెట్టె లోపలి అట్ట తెల్లగా, కొత్త కాగితం వాసన. ఇదేమిటని అడిగితే, ఉన్నది ఉన్నట్టే అమ్మామని ఒక్క ముక్క జవాబు. డబ్బు సంగతి అటుంచండి. ఆ కొత్త రంగు కింద లివర్‌పూల్ బిన్స్ రోడ్ ఫ్యాక్టరీలో వేసిన రంగు ఉండేది. ఆ ఫ్యాక్టరీ 1979లోనే మూతపడింది. మెరుపు కోసం ఎవడో ఆ రంగంతా గోకేశాడు. ఇంక అది ఎక్కణ్నించి తెస్తాం?

డాలస్‌లో ఉన్న మనవడికీ ఈ పిచ్చి అంటుకుంది. అర్ధరాత్రి లేచి కూర్చుని పాడుతుంటాడు. ఫోను చేసినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను: నాన్నా, ముందు అడుగు భాగం ఫొటో పంపమను, రివెట్లు స్పష్టంగా కనబడాలి, పంపకపోతే ఆ పాట జోలికే పోకు.